వెనక్కి పిలవరాదు

బట్టల వ్యాపారంలో మాట అంటే చీరకి చుట్టిన కాగితం. సరుకు లోపలుంటుంది. కాగితం చూసి ధర కట్టేవాడు మూణ్ణెల్లలో కొట్టు మూసుకుంటాడు.

ఈ సంగతి గ్రంధి కోటిలింగానికి వాళ్ళ నాన్న నేర్పాడు. వచ్చినావిడ "ఇదేం బాలేదు" అందంటే చీర నచ్చిందన్నమాట. "బాగుందండీ" అంటే మడతపెట్టి లోపల పడెయ్యమని. "మా ఆయన్ని అడిగి చెప్తాను" అంటే ఆయనకీ ఈ వ్యవహారానికీ ఏ సంబంధమూ లేదని. ఇవన్నీ మొదటి తరగతి పాఠాలు. ఆఖరి పాఠం ఒకటుంది. బేరం తెగక లేచి వెళ్ళిపోతున్న మనిషిని ఎప్పుడు వెనక్కి పిలవాలి?

గుమ్మం దాటకుండానే పిలిస్తే లోకువైపోతాం. వీధిలోకి దిగాక పిలిస్తే ఆ పాటికి ఎదుటి కొట్టువాడు కుర్చీ వేసేసి ఉంటాడు. రెంటికీ మధ్య చెప్పులు విడిచే చోటు ఉంది. నిజంగా పోయే మనిషి చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని చక్కా పోతుంది, వాటి వంక చూడనైనా చూడదు. పిలిపించుకుందామనుకునే మనిషికి మాత్రం చెప్పులు ఓ పట్టాన దొరకవు. ఎదురుగా ఉన్నా దొరకవు. "ఇక్కడే విడిచానే" అని పైకి అంటుంది కూడా. సరిగ్గా అప్పుడు "అమ్మా, ఒక్కమాట!" అనాలి. సీతారామపట్నం బట్టల బజారు మొత్తం ఆ ఒక్కమాట మీద నిలబడి ఉంది.

కోటిలింగం గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే, ఆయన భార్య సువర్చల పరుపు మీద కూర్చుని చీరలు విప్పేది. బేరం ముదిరినప్పుడు ఆవిడ మొగుడివైపు తిరిగి, "ఏవండీ, పాపం మన వీధావిడే, ఇచ్చేద్దురూ" అనేది. ఆయన నెత్తి కొట్టుకుని, "నీకేమే, కొట్టు పంచిపెట్టేస్తావు, రేపటినుంచి విస్తరాకులు కుట్టుకుందాం" అని అరిచేవాడు. వచ్చినావిడ సువర్చల పక్షం చేరిపోయి, ఇలాంటి పిసినారితో కాపరం ఎలా చేస్తోందో తల్లి అని జాలిపడి, చీర కొనుక్కుని పోయేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళు కొట్లో ఆడిన తగాదాలే ఆ కొట్టుకి బోర్డు. రాత్రి తలుపులు వేశాక ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఆవిడ ఓ మాట అనేది, ఆయన "ఊఁ" అనేవాడు. లెక్క సరిపోయేది.

ఇలా ఉండగా, ఎక్కడో పెద్ద పట్నంలో పెద్దలు ఓ సదస్సు చేసి, మగవాళ్ళ మాట ఆడవాళ్ళకీ ఆడవాళ్ళ మాట మగవాళ్ళకీ అర్థం కాకపోవడం వల్లే దేశంలో కాలం దండగైపోతోందని కనిపెట్టారు. కనిపెట్టినవాళ్ళు ఊరికే ఉండరు కదా. 'స్త్రీపురుష సంభాషణా స్పష్టీకరణ మండలి' అని ఒకటి పెట్టారు. ఆడా మగా ఎక్కువగా మాట్లాడుకునే చోటు ఏదని వెతికితే బట్టల కొట్టు అని తేలింది. ప్రయోగానికి సీతారామపట్నం దొరికింది.

మండలి సంచాలకులు అనంతపద్మనాభం గారు వచ్చి వర్తక సంఘం హాల్లో ఉపన్యాసం ఇచ్చారు.

"పురుషుడు సమాచారం నిమిత్తం భాషించును. స్త్రీ సంబంధం నిమిత్తం భాషించును. ఈ రెంటి నడుమ గల అగాధమును పూడ్చుటకు మండలి కంకణధారియై ఉన్నది. ఇందుకు మూడు నిబంధనలు. ఒకటి, అన్నమాటను అన్నట్లే స్వీకరించవలెను. రెండు, ఎదుటివారి మనసులోని మాటను ఊహించరాదు. మూడు, వెళ్ళెదనన్న వ్యక్తిని వెనక్కి పిలవరాదు. అట్లు పిలుచుట ఆ వ్యక్తి యొక్క స్పష్టతను అవమానించుట."

హాల్లో వర్తకులందరికీ ఒకేసారి దగ్గొచ్చింది.

"నిబంధనలు అతిక్రమించిన దుకాణమునకు ఈ ఆషాఢాంతమున లైసెన్సు పునరుద్ధరింపబడదు" అని కూడా అన్నారాయన.

దగ్గు ఆగిపోయింది. ఆషాఢం వెనకాలే శ్రావణం. బట్టల కొట్టుకి శ్రావణమాసం ఏడాది తిండి. కోటిలింగం అప్పటికే నేతగాళ్ళకి బయానాలు ఇచ్చేసి ఉన్నాడు. ఆయన లేచి నిలబడ్డాడు.

"అయ్యా, వద్దంటే వద్దనేనా అండీ?"

"వద్దనగా వద్దనియే."

"ఇంట్లో కూడానా?"

సంచాలకులు చిరునవ్వు నవ్వారు. "నా గృహమే దృష్టాంతము. వివాహమైన నూతనమున మా శ్రీమతి 'నాకేమీ అక్కర్లేదండీ' అని పలికినది. ఆ స్పష్టతను నేను నేటివరకు గౌరవించుచున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. కోటిలింగం కొట్టలేదు. ఆ ఇల్లాలు ఎవరో గానీ, ఇన్నేళ్ళుగా గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటూ నిలబడి ఉంటుందనిపించింది ఆయనకి.

*

మర్నాటినుంచి కొట్టుకో స్పష్టతాధికారి. కోటిలింగం కొట్టుకి దివాకరం అనే కుర్రాడు వచ్చాడు. మెళ్ళో బిళ్ళ, చేతిలో కలం, పెళ్ళి కాలేదు. గల్లాపెట్టె పక్కనే కుర్చీ వేయించుకున్నాడు.

బోణీకి పాపాయమ్మ గారు వచ్చారు. ఆ కొట్లో మూడు తరాలకి చీరలు కొన్న మనిషి. సువర్చల వంగపండు రంగు చీర విప్పగానే ఆవిడ మొహం చిట్లించింది.

"అబ్బే, ఇదేం రంగే సువర్చలా! కుళ్ళిపోయిన వంకాయలా ఉంది."

సువర్చల కళ్ళు మెరిశాయి. సగం అమ్ముడైనట్టే. ఈలోపు దివాకరం లేచాడు.

"వినియోగదారిణి చీరను తిరస్కరించినారు. తీసివేయండి."

"తియ్యడమేవిటి నాయనా?" అంది పాపాయమ్మ గారు, ఆ చీర కొంగు మీంచి చెయ్యి తియ్యకుండా. "ఎంతేవిటిది?"

సువర్చల చెప్పింది.

"అమ్మమ్మమ్మ! ఈ కొట్టుకి రావడం నాదీ బుద్ధితక్కువ!"

"వినియోగదారిణి తమ బుద్ధి తక్కువని అంగీకరించినారు" అంటూ దివాకరం రాసుకున్నాడు.

"ఏవిటి రాస్తున్నావు? ఒరే కోటిలింగం, ఏవిట్రా వీడు రాసేది? నేను పోతున్నాను. ఈ గడప మళ్ళీ తొక్కితే ఒట్టు!"

ఆవిడ గుమ్మం దాటి చెప్పుల దగ్గర ఆగింది. వంగింది. "ఇక్కడే విడిచానే" అంది. కోటిలింగం నోటిదాకా వచ్చింది ఆ ఒక్కమాట. దివాకరం వేలు ఎత్తాడు. ఆవిడ ఈ చెప్పు కదిపి, ఆ చెప్పు కదిపి, "వేళ్ళకి పూసల పట్టీ ఉంటుందీ" అని ఆనవాలు కూడా చెప్పింది. లోపల్నుంచి పిలుపు రాలేదు. చివరికి పాపం, దొరకక తప్పలేదు.

కోటిలింగం వీధిలోకి తొంగి చూశాడు. ఎదుటి కొట్లోనూ ఒక అధికారి. ఆ పక్క కొట్లోనూ ఒకడు. బజారు పొడుగునా ప్రతి గుమ్మంలోనూ ఆడవాళ్ళు వంగి చెప్పులు వెతుక్కుంటున్నారు. పిలిచే నాథుడు లేడు.

వారం తిరక్కుండానే బజారు అమ్మకాలు సగానికి పడిపోయాయని సంఘం మొరపెట్టుకుంది. మండలి వెంటనే స్పందించింది. స్త్రీ పలుకు పురుషాధికారికి బోధపడకపోవుటయే లోపమని గుర్తించి, ప్రతి కొట్టుకీ ఒక మహిళాధికారిని కూడా వేసింది. అలా హైమవతి వచ్చింది. కాఫీ ఒకటి పెరిగింది.

"ఆవిడ ఉద్దేశం అది కాదండీ" అంది హైమవతి, మొదటిరోజే దివాకరంతో.

"మరేమిటి?"

"మీకు చెప్పినా అర్థం కాదులెండి."

"అర్థం కాదని నమోదు చేయమంటారా?"

"మీ ఇష్టం."

'మీ ఇష్టం' అన్నది అనుమతి కింద స్వీకరించి దివాకరం నమోదు చేశాడు. ఆ పైన హైమవతి అతనితో మాట్లాడ్డం మానేసింది. అధికారులిద్దరూ కూడా ఒకరు మగ, ఒకరు ఆడ కనుక వాళ్ళ మధ్య మూడో అధికారి అవసరమని పైకి రాశారు. ఆ మూడోవారు మగా ఆడా అన్నది తేల్చడానికి ఒక సంఘం వేశారు. సంఘంలో సగం మగవాళ్ళు, సగం ఆడవాళ్ళు. వాళ్ళకి మళ్ళీ అధికారుల్ని వేశారు. ఈ గొడవ ఎలా తేలిందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు గానీ, బజార్లో కుర్చీలు అద్దెకిచ్చేవాడు మాత్రం మేడ లేపాడు.

*

కోటిలింగం ఇల్లు కొట్టు మీదనే. మెట్లు కొట్లోంచే. కాబట్టి ఇల్లు కూడా వ్యాపార ఆవరణ కిందికే వస్తుందని మండలి తేల్చింది. అధికారులిద్దరూ భోజనాల వేళకి పైకి వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"కాస్త పప్పు వేసుకోండి" అంది సువర్చల.

"వద్దు" అన్నాడు కోటిలింగం అలవాటు కొద్దీ. ఆ వద్దుకి ఆ కాపరమంత వయసు. ఆయన వద్దంటాడు, ఆవిడ వేస్తుంది, ఆయన తింటాడు.

సువర్చల గరిటె గాల్లోనే ఆగింది. దివాకరం వంక చూసింది. గరిటె గిన్నెలోకి వెళ్ళిపోయింది. కోటిలింగం ఉత్త అన్నం కలుపుకున్నాడు.

కాసేపయ్యాక ఆవిడ మజ్జిగ పోస్తూ అంది. "మా చెల్లెలు రాజమండ్రిలో ఇల్లు కట్టుకుందిగా. శ్రావణం రాగానే గృహప్రవేశం. ఇద్దరినీ రమ్మంది. శ్రావణంలో మీకెక్కడ కుదురుతుందిలెండి."

మామూలు రోజుల్లో అయితే దీనికి "ఊఁ" అనాలి. ఊఁ అంటే రేపు మళ్ళీ అడుగు. రేపు మళ్ళీ ఊఁ. ఎల్లుండి "చూద్దాంలే" అంటాడు. చూద్దాంలే అంటే పెట్టె సర్దుకో అని. ఇది వాళ్ళ బేరం. ఆవిడ పుట్టింటి పెళ్ళిళ్ళు, బారసాలలు అన్నీ ఈ లెక్కనే తెగాయి.

"ఊఁ" అన్నాడు కోటిలింగం.

"ఊఁ అనునది వాక్యం కాదు" అన్నాడు దివాకరం. "వారు కుదరదేమో అన్నారు. కుదురునా, కుదరదా?"

కోటిలింగం కళ్ళముందు లైసెన్సు కాగితం ఆడింది. నేతగాళ్ళ దగ్గరున్న శ్రావణం సరుకు ఆడింది.

"కుదరదు" అన్నాడు.

"చక్కని స్పష్టత!" అన్నాడు దివాకరం. హైమవతి మాత్రం పట్టుతానులో తప్పు చోట కత్తెర పెట్టినవాణ్ణి చూసినట్టు చూసింది.

"సరేనండి" అంది సువర్చల.

అంతే. ఆ మర్నాటినుంచి ఆవిడ అచ్చంగా నిబంధనల ప్రకారం మాట్లాడింది. "కాఫీ ఇదిగో. చక్కెర వేశాను." "నీళ్ళు కాగాయి." "చాకలి వచ్చి వెళ్ళాడు." కొట్లో "ఏవండీ, పాపం ఇచ్చేద్దురూ" అన్న మాట వినపడ్డం మానేసింది. ఆవిడ మాటల్లో ఒక్క ముక్క అబద్ధం లేదు, ఒక్క ముక్క ఎక్కువ లేదు. మండలి వేసిన మార్కుల్లో కోటిలింగం కొట్టే బజారుకి మొదటిది. ఆయనకి మాత్రం ఇల్లు ఫిక్సెడ్ రేటు షాపులా అయిపోయింది. అన్నిటికీ చీటీ అంటించి ఉంటుంది. అడగడానికేమీ ఉండదు. కూర్చుని మాట్లాడేవాళ్ళు ఉండరు.

ఒకసారి మెట్ల మీద ఎదురుపడి, అధికారులెవరూ లేకుండా చూసి, "కోపమా?" అని అడిగాడు.

"లేదండి" అంది సువర్చల. ఆ 'లేదండి'లో ఎంత ఉందో గజంబద్ద పెట్టి కొలిచినా తెలీలేదాయనకి. జీవితంలో మొదటిసారి ధర తెలీని సరుకు చూశాడు.

*

ఆషాఢం ఆఖర్లో సంచాలకులే స్వయంగా వచ్చారు. కోటిలింగం కొట్టుకి 'ఆదర్శ స్పష్ట దుకాణం' బిరుదు, దాంతోపాటే లైసెన్సు. కొట్టు నిండా జనం. పాపాయమ్మ గారు కూడా తమాషా చూద్దామని గడప మీది ఒట్టు తీసి గట్టున పెట్టి వచ్చారు. సంచాలకుల వెంట ఆయన భార్య లలితాంబ గారు వచ్చారు. సన్నటి మనిషి. ఉతికి ఉతికి రంగు పోయిన చీర. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి సువర్చల ఒక చిలకాకుపచ్చ పట్టుచీర విప్పి ఒళ్ళో పరిచింది.

లలితాంబ గారు దాని అంచు వేళ్ళతో తడిమి, "బాలేదు" అన్నారు మెల్లిగా.

"బాలేదట, తీసివేయండి" అన్నారు సంచాలకులు.

సువర్చల తియ్యలేదు. ఆ వేళ్ళు ఇంకా అంచు మీదనే ఉన్నాయి.

బిరుదిచ్చే ముందు దంపతులు నమూనా సంభాషణ చేసి చూపించాలి. సువర్చల "నేను మేడమీదికి వెళ్తున్నాను" అనాలి. కోటిలింగం "స్వీకరించాను" అనాలి. దివాకరం వారం నుంచీ వల్లె వేయించాడు.

సువర్చల పరుపు మీంచి లేచింది. పరుపు వెనకనుంచి ఓ గుడ్డ సంచి తీసింది. అందులో చీరలున్నాయి. అవి కొట్టు చీరలు కావు, ఆవిడవి.

"నేను మా చెల్లెలింటికి వెళ్తున్నానండి" అంది. "ఎప్పుడొస్తానో తెలీదు. మీకు కొట్టుంది, బిరుదుంది. నేనిక్కడ చేసేదేం లేదు."

"అద్భుతము!" అన్నారు సంచాలకులు. "కర్త, కర్మ, క్రియ, అన్నియు స్పష్టములు. కోటిలింగం గారూ, స్వీకరించాను అనండి."

కోటిలింగం చూపు ఆ గుడ్డ సంచి మీదే ఉంది. సువర్చల గుమ్మం దాటింది. సంచాలకుల చేతిలో లైసెన్సు ఫ్యాను గాలికి రెపరెపలాడుతోంది. తక్కెడ ఒక పళ్ళెంలో శ్రావణం, బయానాలు, తాత పెట్టిన కొట్టు. రెండో పళ్ళెంలో ఓ గుడ్డ సంచి. సంచి నిజమైనది. అదే భయం. నిజంగానే పోతోందా? కోటిలింగానికి చూపు ఆనలేదు. మెడ సాచి చెప్పుల వంక చూశాడు.

సువర్చల చెప్పులు ఎప్పుడూ మెట్ల కింద మూల ఉంటాయి. కొట్టుకొచ్చినవాళ్ళ చెప్పుల్లో కలవకుండా పెళ్ళయిన కొత్తలో ఆవిడే ఎంచుకున్న చోటు. ఆ మూలలో అవి ఇప్పుడూ ఉన్నాయి. సువర్చల మాత్రం వీధి గుమ్మంలో, జనం చెప్పుల గుట్టలో వంగి, వాళ్ళవీ వీళ్ళవీ కదుపుతూ వెతుకుతోంది.

"ఇక్కడే విడిచానే" అంది.

"అమ్మా! ఒక్కమాట!" అని కేక పెట్టాడు కోటిలింగం. ఆ కేకకి ఎదుటి కొట్టువాడు కూడా లేచి నిలబడ్డాడు. "ఇలా రండమ్మా! అలా వెళ్ళిపోతే ఎలాగ? ఎంతకడిగారు?"

సువర్చల నడుం ఎత్తింది గానీ ఇటు తిరగలేదు. "మీరూ రావాలి. పదిరోజులుండాలి."

"పదా! గిట్టదమ్మా, శ్రావణం సరుకు రావాలి. రెండు రోజులు. అసలుకి అసలే ఇస్తున్నా."

"రెండు రోజులకైతే బస్సు ఖర్చు దండగ. వద్దులెండి." మళ్ళీ వంగింది.

"మూడు! మీరు కాబట్టి!"

"ఒరే, నాలుగియ్యరా పిసినారీ!" అని అరిచింది పాపాయమ్మ గారు.

"నాలుగు. ఇంక నన్ను చంపినా రాదు."

"మా మరిదిగారి దగ్గర ఊఁ, ఆఁ అనకుండా మనిషిలా మాట్లాడాలి."

"ఆ రకం మన దగ్గర లేదమ్మా. కావాలంటే అయిదు రోజులు పట్టుకెళ్ళండి, మాటలు మాత్రం అడక్కండి."

కొట్టు కొట్టంతా నవ్వింది. సువర్చల తిరిగింది. మొహం చిటపటలాడుతూనే ఉంది గానీ చేతిలో సంచి ముందుకి చాపింది. "పట్టుకోండి. చెయ్యి పీకేస్తోంది" అంది. అది నిజంగా తేలిక సంచే. కోటిలింగం లేచి వచ్చి రెండు చేతులా అందుకున్నాడు.

సంచాలకుల మొహం కందగడ్డ అయింది. "మూడవ నిబంధన! పట్టపగలు, మండలి సమక్షమున! వెనక్కి పిలిచినారు!"

"పిలిచానండి."

"లైసెన్సు పునరుద్ధరింపబడదు!" కాగితం ఫైల్లోకి వెళ్ళిపోయింది.

కోటిలింగం సంచి కింద పెట్టలేదు. "తమ చిత్తం. ఆవిడ లేకుండా లైసెన్సు ఉన్నా, చీరలు విప్పేదెవరండీ?"

ఇంతలో లలితాంబ గారు కుర్చీలోంచి లేచారు. ఒళ్ళోని ఆకుపచ్చ చీర మడిచి పరుపు మీద పెట్టారు.

"నేను వెళ్తానండీ" అన్నారు.

"స్వీకరించాను" అన్నారు సంచాలకులు, ఫైలు తాడు ముడివేస్తూ.

"ఇంటికి కాదు. మా అన్నయ్యగారింటికి."

"స్వీ..."

తాడు జారిపోయింది. లలితాంబ గారు గుమ్మం దాటి చెప్పుల దగ్గర వంగారు. ఒక చెప్పు కదిపారు, ఇంకోటి కదిపారు.

"ఆవిడ చెప్పులు ఆవిడ ముందే ఉన్నాయి కదా?" అన్నాడు దివాకరం గుసగుసగా.

"ఇప్పటికైనా కనపడ్డాయి" అంది హైమవతి. చాలా రోజులకి అతనితో మాట్లాడింది.

సంచాలకులు మెల్లిగా గల్లాపెట్టె దగ్గరికి జరిగారు. "కోటిలింగం గారూ... ఇప్పుడావిడ... అంటే ఉద్దేశము..."

"ఊహించకూడదు కదండీ."

"అది కాదయ్యా. ఎప్పుడు పిలవాలి?"

"ఇది మా నాన్న దగ్గర పదేళ్ళు గుమ్మంలో కూర్చుని నేర్చుకున్న విద్యండి. ఊరికే చెప్తే గిట్టదు." కోటిలింగం చూపు ఫైలు మీద వాలింది.

"నిబంధనలు ఒప్పుకోవు!"

"వద్దులెండి మరి" అని కోటిలింగం కదిలి, తన చెప్పులెక్కడున్నాయా అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

"ఆగవయ్యా! ఆగు! ఒక్కమాట!" అన్నారు సంచాలకులు.

ఫైలు విప్పారు. సంతకం పడింది, ముద్ర పడింది. కోటిలింగం కాగితం తడి ఆరేలా ఊది గల్లాపెట్టెలో పెట్టి తాళం వేశాడు. అప్పుడు గుమ్మం వైపు చూశాడు. లలితాంబ గారి ఒక కాలికి చెప్పు ఎక్కింది.

"ఇప్పుడే సార్. రెండోది దొరికిందంటే మండలి అంతా కలిసి పిలిచినా రారు."

"ఏమని పిలవను?" అన్నారు సంచాలకులు.

సువర్చల అప్పటికే ఆకుపచ్చ చీర కాగితంలో చుట్టేసింది. కోటిలింగం దాన్ని అందుకుని ఆయన చేతుల్లో పెట్టాడు.

"ఇది పట్టుకుని పిలవండి. డబ్బు తర్వాత చూసుకుందాం. ధర మాత్రం తగ్గించి అడక్కండి సార్, ఈ చీరకి బేరం లేదు."